నాచారంలో యాదగిరి ఓటు

"అక్కా, మీ మరిది సర్కారు కార్డు మీద డయాలసిస్ జేయించుకుంట, ఉచితాలన్ని బంద్ జేస్తనన్నాయన జెండా పట్టుకొని తిరుగుతుండు. నువ్వన్న వచ్చి చెప్పు," అని మా చెల్లెలు సునీత ఫోనులో ఏడ్చింది. తెలంగాణ రాష్ట్రం రాకముందు, ఎన్నికల ఎండాకాలం. కుట్టుపని పక్కనపెట్టి, మర్నాడు పొద్దున ఆరింటికి జనగామలో బస్సెక్కాను.

కిటికీ సీటు దొరికింది. భువనగిరి గుట్ట పొద్దుటి మసకలో గాలిలో తేలుతున్నట్టు కనిపించింది. ఆ తర్వాత కునుకు పట్టింది. ఎనిమిదిన్నరకు కండక్టర్ "ఉప్పల్, ఉప్పల్" అని లేపాడు. బండి దగ్గర ఇడ్లీ తిని, నాచారం షేరాటో ఎక్కాను. ఫ్యాక్టరీల నడుమ తియ్యటి వాసన కమ్మింది. పక్కనున్నామె నవ్వింది: "బిస్కెట్ల వాసనమ్మా. ఆకలైతే గిదే పీల్చుకుంట డ్యూటీకి పోతం."

మా మరిది యాదగిరి ఇరవై ఏళ్లు ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలోనే మిషన్ నడిపాడు. కిడ్నీలు పోయాక ఇంట్లోనే. సునీత డ్యూటీకి పోతే, పదింటికి నేనే అతనితో దవాఖానాకు వెళ్లాను. అతని చొక్కాకు ఆ అభ్యర్థి బిళ్ల ఉంది.

యంత్రం సన్నగా మూలుగుతోంది. గొట్టాల్లో ఎర్రగా నెత్తురు పోతోంది, వస్తోంది. ఆ చప్పుడుకు వార్డంతా కలలో ఉన్నట్టుంది. మెల్లగా అడిగాను.

"యాదగిరీ, ఆయన గెలిచి కార్డు తీసేస్తే నీ గతేంది?"

"నాది తియ్యరు వదినె. నాది రోగం. ఉత్తగ తినెటోళ్లది తీస్తరు."

"ఎవరు వాళ్లు?"

అతను పక్క మంచం వైపు కళ్లతోనే చూపించాడు. జవహర్‌నగర్ నుంచి వచ్చిన పెద్దాయన అక్కడ నిద్రపోతున్నాడు. అతనికీ అదే యంత్రం, అదే కార్డు.

కాసేపటికి యాదగిరే అన్నాడు: "ఈడ కార్డోళ్లు పక్కకు నిలవడున్రి అంటరు. ఆయన మీటింగుల మాత్రం, కష్టపడి బతికెటోళ్లారా అని పిలిచిండు. నన్నే పిలిచినట్టయింది వదినె."



మర్నాడు పోలింగ్. పేషెంటువి, ముందుకు రమ్మని పోలీసాయన పిలిచినా యాదగిరి వెళ్లలేదు. ఉబ్బిన కాళ్లతో గంటన్నర లైన్లోనే నిలబడ్డాడు. బయటికొచ్చి సిరా వేలు నాకు చూపించినప్పుడు అతని ముఖం వెలిగింది. పెళ్లినాడు చూశాను ఆ వెలుగు, మళ్లీ అప్పుడే.

"నువ్వెవరికేసినవే?" సునీతను పక్కకు తీసుకెళ్లి అడిగాను.

"ఆయనకే అక్కా."

"పిచ్చిదానివా?"

"ఏమో. రెండేండ్ల నుంచి గోడ దిక్కు తిరిగి పండుకున్న మనిషి, నెల నుంచి పొద్దుగాల లేసి గడ్డం గీసుకుంటుండు. వేరేటోళ్లకేసి, ఈయన ముంగట అబద్ధమాడ బుద్ధిగాలే."

సాయంత్రం ఐదింటికి ఉప్పల్‌లో వరంగల్ బస్సు దొరికింది. వద్దన్నా యాదగిరే వచ్చి నా సంచి పైన పెట్టి దిగాడు. ఘట్‌కేసర్ దాటాక ఎండ పసుపుపచ్చగా పల్చబడింది. పక్క సీటులోని ముసలామె అడిగింది:

"ఎవరు గెలుస్తరు బిడ్డా?"

"మా మరిది ఓటేసినాయన ఓడిపోవాలె పెద్దమ్మా," అన్నాను. "కానీ, ఓడిన సంగతి మా మరిదికి తెలవద్దు."