మూడో ఏటి సీసాలు

మా చిన్నాయన పోయారు. పీలమేడు బస్టాపులో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారట. పొద్దుటి షిఫ్టుకు మిల్లు సంగు, అదే సైరను, కూసి ఎంతోసేపు కాలేదు, ఆయన తిన్న ఇడ్లీ పళ్ళెం ఇంకా కడగలేదు, ఇంతలోనే కబురు. ఎవరో వేరే మనిషి గురించి చెబుతున్నారనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది.

మా తాత మిల్లులో పత్తి నాణ్యం చూసేవాడు. ప్రతి బేలులోంచీ పిడికెడు లాగి, వేళ్ళతో సాగదీసి చూస్తే గానీ ఈ ఏటి పత్తి ఇలాంటిదని చెప్పేవాడు కాదు. ఆయన కొడుకు, మా చిన్నాయన, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినా ఆ పద్ధతి వదల్లేదు. చిన్నాయన ఒకసారి ఓడెక్కి దక్షిణ ధ్రువ సముద్రానికి వెళ్ళొచ్చారు. అక్కడి తిమింగలాలకు తిండి క్రిల్ అనే చిట్టి రొయ్య. ఆ తర్వాత ఏటా ఓడవాళ్ళు వలకు చిక్కింది సీసాల్లో పంపేవారు. అందులో క్రిల్ పిల్లలు ఏపాటి ఉన్నాయో వాటి నల్లటి కళ్ళను బట్టి లెక్కపెట్టడం ఆయన పని.

మొదటి సీసా చూసి మా పిన్ని, "ఇంత దూరం పొయ్యి ఇదా తెచ్చేది? ఒగ కొళంబుక్కూడా చాలదే!" అంది, పులుసుకైనా సరిపోదని. నవ్వీ నవ్వీ ఆయనకు పొలమారింది.

ముందటేడు సీసాల్లో పిల్లలు దాదాపు లేవు. పోయినేడూ అంతే. ఆ నీళ్ళలో ఇక క్రిల్ పని అయిపోయిందని ఓడలోని పెద్దలు తేల్చేయబోతే ఈయన అడ్డం పడ్డారు.

"అవసరపడొద్దు అమ్మిణీ," అన్నారు నాతో. తొందరపడొద్దని. "మంచు తక్కువైన ఏడు పిల్లలూ తక్కువే. ఒగ బేలు చూసి పంటే చెడిందంటారా? ఇంగొగ ఏడు చూడాల."

"ఈ ఏడూ లేకుంటే?"

"లేదనే చెప్తా. ఏడ్చేసి చెప్తా."

ఆయన పోయే ముందు రోజు సాయంత్రం ఈ ఏటి సీసాలు కాలేజీకి వచ్చాయి. పగటి వెలుగులో చూద్దామని మూత కూడా తియ్యలేదు. తెల్లారి వాటికోసమే బస్టాపుకు వెళ్ళారు. ఆ ఒక్కసారికి తొందరపడి ఉండకూడదా! నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది.

నేనూ ఆయన దగ్గరే చదువుకుని ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. కర్మ అయ్యాక ఆయన గది తెరిచాను. ప్రతి సీసాలోంచీ కాస్త కాస్త తీసి గాజు పళ్ళెంలో పోశాను. మైక్రోస్కోపు ఆయన కంటికి సరిపెట్టి ఉంది. నా కంటికి తిప్పుకోవడానికి చెయ్యి రాలేదు. అలాగే వంగాను. అంతా మసక. ఆ మసకలోనే, ఆవాలు చల్లినట్టు, నల్లటి చిన్న చిన్న కళ్ళు. పళ్ళెం నిండా కళ్ళే.