డౌన్‌లోడ్ పక్కన పెట్టిన ప్రకటన

తెలంగాణ రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ల ముందు, గోదావరిఖనిలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మా బాపు భూగర్భ గనిలో సర్దార్. కార్మికులు పనిస్థలానికి పోకముందే పైకప్పు తట్టి చూడటం, గ్యాసు ఉందేమో పరీక్షించడం ఆయన డ్యూటీ. సర్దార్ కావాలంటే పరీక్ష పాసవ్వాలి. దొరికే పుస్తకాలన్నీ ఇంగ్లీషువే. పని చేతుల్లో ఉండి కూడా ప్రశ్న అర్థంకాక ఎంతోమంది తప్పుతున్నారని బాపు బాధపడేవాడు. అందుకే ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, ఇంత తిని, నా పక్కన కూర్చుని ప్రశ్నలూ జవాబులూ తెలుగులో చెప్పేవాడు. నేను టైపు చేసి వెబ్‌సైటులో పెట్టేదాన్ని.

మొదట్లో సైటు ఉచితంగా దొరికిన చిరునామా మీద నడిచేది. ఎవరైనా ఒత్తినప్పుడల్లా డబ్బులిచ్చే ప్రకటనలు పెట్టుకుందామని ఒక కంపెనీకి దరఖాస్తు చేస్తే, సొంత డొమైన్ ఉండాలని తిప్పి పంపారు. నా దగ్గర కార్డు లేదు. సెంటర్ యజమానిని బతిమాలి ఆయన కార్డు మీద డొమైన్ కొన్నాను. మళ్లీ దరఖాస్తు పెడితే ఇంకో అడ్డంకి వచ్చింది. వాళ్లు ఒప్పుకునే భాషల జాబితాలో తెలుగు లేదు. జాబితాను పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. కోపం, చిన్నతనం రెండూ కలిగాయి. కంప్యూటర్ నేర్చుకోవడం గురించి ఇంగ్లీషులో పది పేజీలు రాసి పెట్టాక అనుమతి వచ్చింది.

ఆ ఇంగ్లీషు పేజీల ముఖం చూసినవాళ్లు లేరు. జనమంతా తెలుగు ప్రశ్నల దగ్గరికే వచ్చేవాళ్లు. వారం రోజులు అటూ ఇటూ ఊగిసలాడి, ఆ ప్రకటనల కోడ్‌ను తెలుగు పేజీల్లోనూ అతికించాను. అంతటితో ఆగలేదు. ప్రకటన అక్షరాలను ప్రశ్నల డౌన్‌లోడ్ లింకు రంగులోకి మార్చి, దానికి ఆనించి పైన పెట్టాను. అలా పెట్టొద్దని నియమాల్లో స్పష్టంగా ఉంది. చదివాను కూడా.

క్లిక్కులు పెరిగాయి. నాకు నిలకడ పోయింది. పాఠం మధ్యలో పిల్లలకు ఏదో ఒక లెక్క ఇచ్చి, పక్క గదిలోకి పోయి ఎన్ని వచ్చాయో చూసి వచ్చేదాన్ని. పెరిగితే, కంపెనీవాళ్లు పట్టుకుంటారని భయం. తగ్గితే, అప్పటికే పట్టుకున్నారేమోనని భయం. అన్నం ముందు నుంచి కూడా లేచిపోతుంటే బాపు అడిగాడు.

"ఏంది బిడ్డ, ఊకె లేసి ఉరుకుతున్నవ్? ఏమన్న ఫికరా?"

"ఏం లేదు బాపు" అన్నాను.

అలాంటి రోజుల్లోనే, సైటులో పెట్టిన నా నంబరుకు ఫోన్ వచ్చింది. అవతల శ్రీరాంపూర్ నుంచి ఒక కార్మికుడు. నలభై దాటాక సర్దార్ పరీక్షకు కూర్చుంటున్నాడట.

"బిడ్డా, నీ సైటుల ప్రశ్నలు దిగుతలేవు. ఒత్తితే ఇంగ్లీషుల ఏదో వస్తాంది. పేరు, ఫోన్ నంబర్ అడిగితే రాసిన. గప్పటిసంది ఎవరెవరో ఫోన్ చేసి హిందీల మాట్లాడుతున్నరు. పరీక్ష దగ్గరవడ్డది, ఎట్ల మరి?"

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసింది. అయినా అతను వేరే సైటుకు పోయి ఉంటాడని మనసుకు చెప్పుకున్నాను. ఆదివారం సెంటర్‌కు వస్తే కాగితం మీద ప్రింట్ తీసి ఇస్తానన్నాను.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. బాపు కూడా అక్కడే ఉన్నాడు. అతన్ని కాకా అని పిలిచి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇంటి దగ్గర ఎలా చేశావో అలాగే చెయ్యమన్నాను. కళ్లద్దాలు సర్దుకుని, మౌస్‌ను అరచేత్తో గట్టిగా పట్టుకుని, బాణాన్ని మెల్లగా జరుపుకుంటూ తిన్నగా ప్రకటన మీదికి తెచ్చాడు.

"ఆగు కాకా!" అని చెయ్యి పట్టుకున్నాను.

"గిదే గద బిడ్డ డౌన్‌లోడ్?" అని అమాయకంగా నా వైపు చూశాడు.

కింద ఉన్న అసలు లింకు చూపించాను. ప్రింట్లు తీసిచ్చి, ఎవరికీ బ్యాంకు వివరాలు చెప్పొద్దని రెండుసార్లు హెచ్చరించి పంపాను. అతను చాయ్ కూడా తాగకుండా, సెకండ్ షిఫ్టు ఉందంటూ వెళ్లిపోయాడు. తప్పు తనదే అనుకుంటున్నట్టు మాట్లాడాడు పాపం.

అతను వెళ్లాక బాపు స్క్రీన్ వైపు చూస్తూ అడిగాడు. "అది ఒత్తితే ఏం వస్తదో నువ్వు చూడలేదా?"

"మన ప్రకటన మనం ఒత్తద్దని రూలు బాపు."

"లోపట ఏమున్నదో ఎరుక లేకుంటనే మందిని తోలినవా?"

ఆయన గొంతు పెంచలేదు. కానీ ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సొంత ప్రకటన ఒత్తొద్దన్న నియమాన్ని భయంతో పాటించాను. లింకుకు దూరంగా పెట్టమన్నదాన్ని మాత్రం చూడనట్టు వదిలేశాను.

ఆ సాయంత్రమే తెలుగు పేజీలన్నిటి నుంచి కోడ్ తీసేశాను. ఇంగ్లీషు పేజీల్లో ప్రకటనలను లింకులకు దూరంగా జరిపాను. చేసిన తప్పు, దిద్దుకున్న తీరు నాకొచ్చిన ఇంగ్లీషులో కంపెనీకి రాశాను. రెండు వారాలు జవాబు లేదు. రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచేదాన్ని. చివరికి రెండు వరుసల్లో వచ్చింది, ఖాతా మూసేస్తున్నామని. చెప్పుకుని దొరికిపోయాను, చెప్పకపోతే నడిచేదేమో అనిపించి చాలా రోజులు రగిలిపోయాను. ఇప్పటికీ ఆ ఆలోచన పూర్తిగా పోలేదు.

కాక ఆ ఏడు తప్పాడు. తర్వాతి ఏడు పాసై, నాకూ బాపుకూ ఫోన్ చేసి చెప్పాడు.

రాష్ట్రం వచ్చిన ఏడు, చౌరస్తాలో పుస్తకాల షాపు నడిపే అన్న ఒకాయన తన ప్రకటన పెట్టమని అడిగాడు. పేజీ అడుగున గీత గీసి, పైన "ప్రకటన" అని రాసి పెట్టాను. చూసి మొహం మాడ్చుకున్నాడు.

"గింత కింద పెడితే ఎవరు చూస్తరు చెల్లె? గా డౌన్‌లోడ్ పక్కకు పెట్టరాదు?"

"గాడ వద్దు, అన్న. కావల్సినోళ్లు కిందికొచ్చి చూస్తరు."

గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. నేను మాత్రం ఆ వారమంతా సెంటర్‌కు వచ్చినవాళ్ల ఫోన్లు అడిగి తీసుకుని, చిన్నవీ పెద్దవీ అన్నిటిలో సైటు తెరిచి, ఏ తెరమీద బొటనవేలు ఎక్కడ పడుతుందో చూస్తూనే ఉన్నాను.