ఖాళీ గదిలో ఊపిరి

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను చాలా ఏడిపించాను. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో, తలా ఒక వంట తెచ్చుకునే మా పాట్‌లక్‌లలో ఎవరైనా అలాంటివి మొదలుపెడితే "కొలిచారా?" అని అడ్డుపడేదాన్ని. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఎందుకంటే దీన్ని నేనే కొలిచాను.

ఇక్కడికి దగ్గర్లో ఒక యూనివర్సిటీలో, అన్ని డిపార్ట్‌మెంట్లూ వంతులవారీగా వాడుకునే ల్యాబ్‌లో పనిచేస్తాను. స్ఫటికాల లోపలి అమరిక చూసే ఎక్స్‌రే యంత్రాలు పెద్ద హాల్లో ఉంటాయి. ఏ పదార్థమో గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ యంత్రం మాత్రం విడిగా చిన్న గదిలో. ఆ గది సునీతక్కది. కాకినాడ మనిషి. నాకు పని నేర్పింది ఆవిడే, ఈ దేశంలో అక్క లేని లోటు తీర్చిందీ ఆవిడే.

ఆ యంత్రంతో ఒక చిక్కుంది. ముందు ఖాళీ గాలిని కొలిచి దాన్నే సున్నాగా పెట్టుకుంటాం. ఆ తర్వాత పక్కన ఎవరైనా ఊపిరి వదిలితే చాలు, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేస్తుంది. స్క్రీన్ మీద చదునుగా ఉండాల్సిన గీత ఒకచోట గుట్టలా లేస్తుంది. తెలుగు స్టూడెంట్లు వస్తే అక్క మొదటి పాఠం అదే.

"ఎడంగా నిలబడు నాన్నా. దానికి నీ ఊపిరి పడదు."

మొన్న చలికాలం ఆవిడకి నిమోనియా వచ్చి, చూస్తుండగానే వెంటిలేటర్ దాకా వెళ్లింది. ఒక శనివారం మధ్యాహ్నం వాళ్లాయన జోసెఫ్ అన్నయ్య ఫోన్ చేశారు.

"డాక్టర్లు ఇంక హోప్ లేదంటున్నారమ్మా. సాయంత్రం ట్యూబ్ తీసేద్దామన్నారు. పాస్టర్ గారు వస్తున్నారు. నువ్వూ వచ్చి చూసిపో."

వస్తానన్నాను గానీ కాళ్లు అటు పడలేదు. ఎవరిదో శాంపిల్ మిగిలిందని వంక పెట్టుకుని ల్యాబ్‌కి పోయాను. అక్కడైతే ఏడ్చినా ఎవరూ చూడరు.

ఖాళీ గాలి కొలిచి సున్నా పెట్టాను. మళ్లీ ఖాళీగానే కొలిస్తే గీత లేచింది. నా ఏడుపేలే అనుకుని బయటికొచ్చి, తలుపు వేసి, పక్క గదిలోని కంప్యూటర్‌ నుంచి వరుసగా కొలిచేలా పెట్టాను. తలుపు అద్దంలోంచి గదంతా కనిపిస్తూనే ఉంది. లోపల ఎవరూ లేరు.

గీత లేచింది, దిగింది. మళ్లీ లేచింది. ఆగి ఆగి, నీరసంగా, మనిషి ఊపిరి తీస్తున్నట్టే. గ్యాస్ పైపులు చూశాను, గాలి వచ్చే దారులు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. భయం వేసింది. భయం కంటే ఎక్కువగా ఆశ పుట్టింది.

జోసెఫ్ అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఇవాళ వద్దు. రేపటిదాకా ఆగండి."

"ఎందుకమ్మా?"

మెషీన్ చెప్పిందంటే పిచ్చిదాన్ననుకుంటారు. నా మాట వినండి అని మాత్రం బతిమాలాను. చివరికి ఆయన, డాక్టర్లతో చెబుతానన్నారు.

మర్నాడు అక్క తనంతట తాను ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. ఒక్కోసారి అలా జరుగుతుందన్నారు డాక్టర్లు. ఇది దేవుడు చేసిన మేలని జోసెఫ్ అన్నయ్య చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పారు. గీత సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ల్యాబ్‌కి వెళ్లి చూస్తే గదిలో గీత చదునుగా ఉంది.

వేసవికి అక్క పనిలోకి వచ్చేసింది. ఒళ్లు కాస్త తగ్గింది గానీ వెటకారం తగ్గలేదు. మొదటి రోజే యంత్రం మీదకి వంగి, మూత తుడుస్తూ, ఆసుపత్రి తిండిని తిట్టిపోస్తోంది. నా కళ్లు స్క్రీన్ మీద ఉన్నాయి. గీత కదల్లేదు.

యంత్రం పాడైందేమోనని నేను వంగి ఊదాను. గీత లేచింది. ఆవిడనీ ఊదమన్నాను.

"బుడగలూదడానికి చంటిపిల్లననుకున్నావేంటే?" అంటూనే ఊదింది. గీత కదల్లేదు.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో చాలాసార్లు చూశాను. ఎప్పుడూ అంతే. సర్వీస్ ఇంజనీర్ వచ్చి యంత్రం నిక్షేపంగా ఉందని చెప్పి వెళ్లాడు. అక్క నవ్వుతుంది, తింటుంది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. పక్కన కూర్చుంటే ఆవిడ ఊపిరి నా చెంపకి వెచ్చగానే తగులుతుంది. ఇది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు ఆగమన్నది నేనే. జోసెఫ్ అన్నయ్య ఎప్పుడు కనిపించినా నా రెండు చేతులూ పట్టుకుని, నా మనిషిని నాకు ఇచ్చావమ్మా అంటారు. ఆయనకి తిరిగొచ్చింది అక్కేనా అన్నది నేను ఇంకా కొలుస్తూనే ఉన్నాను.