ఇత్సుకో పాడాల్సిన ఇరవై నిమిషాలు

ఇత్సుకోకి యాభై ఏడేళ్లు వచ్చేవరకు ఆమెను ఎవరూ ఏ వేదిక మీదికీ పిలవలేదు. అప్పుడు కూడా నిజంగా పిలవలేదు. పిలిచినట్టు మేం నమ్మించాం. మేం అంటే ఒగుచి రేవులో ఆల్చిప్పల షెడ్డులో ఆమెతో పనిచేసే ఎనిమిదిమంది ఆడవాళ్లం.

చలికాలమంతా మాకు ఒకటే పని. రబ్బరు ఏప్రన్లు కట్టుకుని వరసగా నిలబడతాం. చిన్న కత్తితో చిప్ప విప్పి, లోపలి కండ నలగకుండా తీసి బకెట్లో వేస్తాం. ఇత్సుకో చెయ్యి మా అందరికన్నా చురుకు. నోరూ అంతే. మేం ఎవరం కూనిరాగం తీసినా శ్రుతి తప్పిందని చెప్పకుండా ఉండలేదు. భర్త పోయిన తర్వాత రేడియో పాఠాలు విని గిటార్ నేర్చుకుంది. సొంతంగా పాటలు కట్టింది. సునామీ తర్వాత తాత్కాలిక ఇళ్లలో గడిపిన ఐదేళ్లూ, పల్చటి గోడకు ఇవతల పడుకుని నేను ఆ పాటలు వింటూనే ఉన్నాను. బాగా పాడేది. ఆ మాట ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఇక పట్టలేమని భయం.

మా షెడ్డులో ఇంకో గాయని హిసయె. టౌన్‌హాలు పాటల పోటీలో రెండుసార్లు మొదటి బహుమతి కొట్టింది. ఆ ఏడాది కొత్త సంవత్సరం విందులో హిసయె పాడగానే అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక ఇత్సుకో అంది: “పై స్వరం దగ్గర జారిపోతున్నావు హిసయె సాన్. ప్రతిసారీ అక్కడే.”

హిసయె నవ్వి, ఆమె గిన్నెలో సాకే, అంటే బియ్యపు సారా, పోసింది. మర్నాడు షెడ్డు వెనకాల నాతో అంది, దీనికి ఒక వేదిక చూపించాలి తోమీ, అని.

వేదిక సంగతి చెప్పాలి. ప్రతి ఆగస్టు రెండో శనివారం, కొండమీద పాత బడి మైదానంలో మిసాకి సంగీత పండుగ జరుగుతుంది. జరిపేది వడ్రంగి కుజి, టోఫు దుకాణం దంపతులు, లైబ్రరీలో పనిచేసే ఒకామె, ఇంకో ముగ్గురు. ఏ కంపెనీ బ్యానరూ కట్టనివ్వరు. పెద్ద వేదికంటే లారీ వెనక చెక్క, చిన్న వేదికంటే చేపల పెట్టెల మీద పరిచిన బల్లలు. మహా అయితే మూడు వందల మంది వస్తారు. ఇత్సుకో మొదటి ఏడాది నుంచీ వెళ్తోంది. చిన్న వేదికకు ఎడమ పక్కన చాప వేసుకుని, పొద్దుటి నుంచి ఆఖరి పాట దాకా ఒక్కతే కూర్చునేది. ఫిబ్రవరి రాగానే ఇంకెన్ని రోజులుందో లెక్క మొదలుపెట్టేది. ఈసారి ఎవరొస్తారో, పోయినసారి ఫలానావాళ్లు ఎక్కడ తాళం తప్పారో, మంచుముక్కల్లాంటి చిప్పలు విప్పుతూ రోజూ మాకు వినిపించేది. మా చెవులు వాచిపోయేవి.

ఏప్రిల్లో ఆమెకు ఉత్తరం వచ్చింది. హిసయె మేనకోడలు దాన్ని కంప్యూటర్లో తయారుచేసింది. పండుగ కరపత్రం మీది గుర్తు పైన ముద్రించి, పక్క ఊరికి వెళ్లి పోస్టు చేసింది. చిన్న వేదిక మీద, మధ్యాహ్నం రెండూ ఇరవైకి, ఇరవై నిమిషాలు పాడమని అందులో ఉంది. ఇది ప్రేక్షకులకు చెప్పకుండా దాచిన అంశం కాబట్టి కరపత్రంలో పేరు వేయరట. దయచేసి నిర్వాహకుల దగ్గర కూడా ఈ విషయం కదపవద్దట. అంతా అచ్చు అక్షరాలైతే పొడిగా ఉందని, కింద చేత్తో ఒక వాక్యం రాయాలంది హిసయె. తన చేతిరాత ఇత్సుకో గుర్తుపడుతుంది. అందుకని నన్ను రాయమంది. “మీ గొంతు కోసం ఎదురుచూస్తున్నాం” అని రాశాను. రాస్తూ నవ్వాను కూడా.

ఎవరికీ చెప్పవద్దని ఉన్న ఉత్తరాన్ని ఇత్సుకో మర్నాడే షెడ్డుకు తెచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మా అందరికీ చూపించింది. తడిచేతులతో ముట్టుకోవద్దంది. ఆ రోజు మొదటిసారి ఆమె బకెట్ అందరికన్నా ఆలస్యంగా నిండింది.

ఆ తర్వాతి నాలుగు నెలలూ తలుచుకుంటే నాకిప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. ఇత్సుకో చల్లటి నీళ్లు మానేసింది. అల్లం కాచిన నీళ్లు ఫ్లాస్కులో తెచ్చుకునేది. భోజనం వేళ కారు తీసుకుని అలల్ని ఆపే గోడ దగ్గరికి పోయి, అద్దాలు ఎత్తి, లోపల కూర్చుని సాధన చేసేది. మేం దూరం నుంచి ఆమె నోరు తెరవడం, మూయడం చూసేవాళ్లం. హిసయె ఆమెలా నోరు తెరిచి చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. మే నెలలో రెండో ఉత్తరం వెళ్లింది, ఏమేం పాటలు పాడతారో రాయమని. జవాబు హిసయె మేనకోడలి చిరునామాకే వచ్చింది. మూడు పాటల పేర్లు, ఒక్కోదాని కింద అది ఎందుకు కట్టిందో నాలుగేసి వాక్యాలు. హిసయె దాన్ని షెడ్డు వెనక నిలబడి మాకు చదివి వినిపించింది. అందులో ఒక పాట గోడ అవతల దగ్గే పొరుగింటి మనిషి గురించి. ఆ దగ్గు నాది. ఆ రోజు నేను నవ్వలేదు. అలాగని వారించనూ లేదు.

జూన్‌లో మూడో ఉత్తరం వెళ్లింది, సముద్రానికి తగ్గ దుస్తులు వేసుకురమ్మని. ఇత్సుకో నీలం గుడ్డ కొని గౌను కుట్టుకుంది. చేతుల అంచులకు చేపపొలుసుల్లా తెల్లదారంతో అల్లిక వేసింది. జూలైలో మేం స్కాలప్ అనే వెడల్పాటి గుల్లల ఖాళీ చిప్పలు తీగకు గుచ్చే పనిలో ఉన్నాం. ఆ తీగల్ని సముద్రంలో వేలాడదీస్తే వాటికి ఆల్చిప్పల పిల్లలు అంటుకుంటాయి. ఆ పని చేస్తూ ఆమె మా ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచింది, రావాలి, ముందు కూర్చోవాలి, అని. హిసయెని అందరికన్నా గట్టిగా పిలిచింది.

ఆ శనివారం మేం ఎనిమిదిమందిమీ వెళ్లాం. చాపలు పరిచాం. హిసయె ఉడకబెట్టిన సోయా కాయలు తెచ్చింది. రెండు గంటలకు ఇత్సుకో గిటార్ పెట్టె పట్టుకుని, నీలం గౌనులో, పెదాలకు రంగు వేసుకుని నిర్వాహకుల డేరా దగ్గరికి నడిచింది. పాడేవాళ్లు అక్కడే పేరు చెప్పుకోవాలి. మాకు అంతా కనిపిస్తోంది, మాటలు కూడా కొంత వినిపిస్తున్నాయి.

డేరాలో టోఫు దుకాణం ఆవిడ ఉంది. ఉత్తరం తీసుకుని ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. ఆమె ముఖం మారిపోయింది. లేచి వెళ్లి కుజిని తీసుకొచ్చింది. కుజి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈ కాగితం మీకెవరిచ్చారని నెమ్మదిగా అడిగాడు.

ఇత్సుకో తల తిప్పి మా వైపు చూసింది. హిసయె చెయ్యెత్తి ఊపింది.

 ఇత్సుకో ఉత్తరం మడిచి, “పొరపాటు నాదే కుజి సాన్, ఏడాది సరిగా చూసుకోలేదు,” అంది.

కుజి ఆమెను ఇంటిపేరుతో పిలుస్తూ, “వచ్చే ఏడాది చూద్దాం నుమకురా సాన్. తప్పకుండా చూద్దాం,” అన్నాడు. ఆ మాట అక్కణ్ణించి బయటపడటానికి అన్నదని దూరంగా ఉన్న మాకు కూడా తెలిసింది.

ఇత్సుకో ఇంటికి వెళ్లిపోలేదు. ఏదైనా పని ఉంటే చెప్పమంది. వాళ్లు చెత్త వేరు చేసే చోటు చూపించారు. ఆ నీలం గౌనులోనే సాయంత్రం దాకా నిలబడి, సీసాలు ఒకవైపు, మూతలు ఒకవైపు, డబ్బాలు ఒకవైపు వేసింది. రెండూ ఇరవైకి చిన్న వేదిక మీద ఎవరో కుర్రజంట పాడారు. హిసయె సీసా పారేయడానికి తనే వెళ్లి ఆమె చేతికిచ్చి, గౌను బాగుందని చెప్పి వచ్చింది.

సోమవారం ఇత్సుకో పనికి వచ్చింది.  ఆమే అంది, తేదీలో ఏదో గందరగోళం జరిగిందట, వచ్చే ఏడాదికి తప్పకుండా చూస్తామని కుజి సాన్ స్వయంగా చెప్పాడు, అని. ఇంకా మూడు వందల అరవై రెండు రోజులుందని కూడా చెప్పింది. మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. హిసయె మాత్రం తొణక్కుండా, “అయితే వచ్చేసారీ ముందే కూర్చుంటాం,” అంది.

ఆ చలికాలం ఆమె ఇంకా బాగా పాడింది. నాలుగో పాట కట్టింది. మార్చి నెలలో హిసయె మళ్లీ ఉత్తరం రాద్దామని, చేతిరాత నాదే కావాలని అడిగింది. ఇక నావల్ల కాలేదు. ఆ ఆదివారం బియ్యపు ఉండలు డబ్బాలో పెట్టుకుని ఇత్సుకో ఇంటికి వెళ్లాను. గడపలోనే మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకానించి, మొదటి నుంచి అంతా చెప్పాను.

 నేను ముగించాక ఇత్సుకో, “ఇది ఎవరి కోసం చెప్పావు తోమి చాన్?” అంది.

మీ కోసమే అన్నాను.

“నాకోసమైతే పోయిన ఏప్రిల్లో చెప్పేదానివి. ఇప్పుడు నీకు నిద్ర పట్టడం లేదు, అంతే. నాకు బానే పడుతోంది. ఆగస్టు ఉందిగదా అనుకుని పడుకుంటున్నా.” డబ్బా నా చేతిలోనే ఉంచింది. “ఆ ఒక్కటీ కూడా ఉండనివ్వలేకపోయావు.”

తలుపు మెల్లగా మూసింది.

నేను తిన్నగా కుజి దగ్గరికి పోయాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్లందరూ కూర్చుని మాట్లాడుకుని, ఇత్సుకోకి నిజంగానే చిన్న వేదిక మీద ఇరవై నిమిషాలు ఇచ్చారు. కరపత్రంలో పేరు వేశారు. కుజి సొంత చేతులతో ఉత్తరం రాసి పంపాడు.

దాన్ని ఆమె షెడ్డుకు తెచ్చి హిసయె ముందు పెట్టింది. “ఈసారి బాగా కుదిరింది. నిజం ఉత్తరంలాగే ఉంది,” అంది. హిసయె తెల్లబోయి, ఇది తన పని కాదంది. ఇది నిజమని నేను కూడా చెప్పాను. ఇత్సుకో నా వైపు చూసి, “నువ్వు చెబితే నమ్మాలి మరి,” అని కత్తి అందుకుంది. కరపత్రం చూపిస్తే, కంప్యూటరుంటే ఎన్నయినా అచ్చేయొచ్చంది. జూన్లో కుజి స్వయంగా ఇంటికి వెళ్లాడు. ఆయనకు టీ ఇచ్చి, చాలా మర్యాదగా, మీరు కూడా వాళ్లతో కలుస్తారనుకోలేదు అందట.

ఆగస్టులో ఆ శనివారం నేను ఒక్కదాన్నే చిన్న వేదిక ముందు కూర్చున్నాను. రెండూ ఇరవైకి బల్లల మీద ఒక కుర్చీ, ఒక మైకు, అంతే. జనం కాసేపు చూసి గుసగుసలాడుకున్నారు. కుజి గడియారం చూసుకుంటున్నాడు. పది నిమిషాలు గడిచాక వెనక నుంచి హిసయె లేచింది. టైము ఊరికే పోవడం దేనికి, నేను పాడనా అని అడిగి, ఎవరూ ఔననకముందే ఎక్కింది. రెండు పాటలు పాడింది. జనం బాగా చప్పట్లు కొట్టారు. ఇంకోటి పాడమన్నారు. అప్పటి నుంచి ఏటేటా కరపత్రంలో ఆమె పేరు ఉంటోంది.

నేను మూడో పాట మొదలవగానే లేచి కొండ దిగాను. షెడ్డు తలుపులు తెరిచి ఉన్నాయి. సెలవురోజైనా ఇత్సుకో ఒక్కతే కూర్చుని తీగకు చిప్పలు గుచ్చుతోంది. గాలి సముద్రం వైపుకి ఉండటంతో కొండమీది పాట ముక్కలు ముక్కలుగా అక్కడికి వినిపిస్తోంది. లోపలికి వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. 

“ఎవరిది ఆ గొంతు, హిసయెదేనా?” అంది.

ఔనన్నాను.

“బానే పాడుతోంది,” అంది. నా వెనకున్న తీగచుట్ట అందుకోమని చెయ్యి చాపింది. ఇచ్చాను. సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని చిప్పలు గుచ్చాం. ఆమె గిటార్ ఎవరికో ఇచ్చేసింది, అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో నాకు తెలియదు.