యాకయ్య గారు ఆపి ఉంచిన సంచులు

వానాకాలంలో ఇనుప బీరువా తలుపు తీయగానే చెమ్మగిల్లిన కాగితాల వాసన, కలరా ఉండల వాసన కలిసి ముఖానికి తగులుతాయి. నిన్న ఉదయం రికార్డు గదిలో ఆ వాసన తగిలినప్పుడు యాకయ్య గారు గుర్తుకు వచ్చారు. దేశ భద్రతకు సంబంధించిన ఒక కేంద్ర కార్యాలయపు సూరత్ శాఖలో, సమాచార విభాగాన్ని ఆయన చాలా ఏళ్లు నడిపారు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. భద్రత అనగానే చాలామందికి తుపాకులు గుర్తుకు వస్తాయి. మా గదిలో ఉండేవి కాగితాలు, కంప్యూటర్లు మాత్రమే. ఏ నివేదిక ఎక్కడి నుండి వచ్చింది, దానిని ఎవరు చూడవచ్చు, ఎన్నేళ్లు ఉంచాలి, ఎప్పుడు నాశనం చేయాలి, అడిగిన రోజున ఎంత త్వరగా తీసి ఇవ్వగలం అన్నదే మా ఉద్యోగం.

మా నాన్న తెలుగు ప్రాంతం నుండి సూరత్‌కు వలస వచ్చిన పవర్‌లూమ్ కార్మికుడు. ఆ నగరంలోనే బమ్రోలిలో ఉన్న మా రెండు గదుల ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి వ్యక్తిని నేను. ఉద్యోగం గురించి ఇంట్లో చెప్పకూడదన్న నియమాన్ని నేను అక్షరాలా పాటించేదాన్ని. "ఆఫీసుల ఏం పని జేస్తవే?" అని అమ్మ అడిగితే, "ఫైళ్లు సర్దుతనే" అన్నాను. "గింత సదివింది సర్దేటందుకేనా? ఇంట్ల చెద్దర్లు సర్దుమంటే మాత్రం శాతగాదు" అని నవ్వింది. ఆ మాట యాకయ్య గారికి చెబితే ఆయన చాలాసేపు నవ్వి, "మీ అమ్మకు మన పని మంచిగనే సమజైంది బిడ్డా" అన్నారు. ఆయనది జనగామ వైపు. పై అధికారుల ముందు హిందీలోనూ, గుజరాతీలోనూ ఎంతో మర్యాదగా మాట్లాడేవారు. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం ఊరి తెలుగులోకి దిగిపోయేవారు.

ఆయన పద్ధతుల్లో ఒకటి నాకు మొదట్లో బొత్తిగా నచ్చేది కాదు. గడువు తీరిన కాగితాల జాబితా తయారై, సంతకాలు పూర్తయి, కట్టలన్నీ సంచుల్లోకెక్కిన తరువాత కూడా ఆయన వాటిని కత్తిరించే యంత్రం దగ్గరకు పోనిచ్చేవారు కాదు. తన గదిలో తాళం వేసి ఏడు రోజులు ఉంచేవారు. నియమావళిలో అటువంటి గడువు ఏదీ లేదు. గది ఇరుకైపోతున్నదని ఒకసారి నేను ధైర్యం చేసి అన్నాను.

"మనిషి సస్తే పది దినాలు ఆగుతం గదా. కాయితానికి ఏడు దినాలు ఆగలేమా?" అన్నారు.

"కాగితానికి ప్రాణం ఉండదు కదా సార్."

"దాని మీద పేరున్నోనికి ఉంటది."

అది పాతకాలపు మనిషి చాదస్తమని నాలో నేను అనుకున్నాను. ఆ నెల జాబితా తయారు చేసింది నేనే. ఒక పాత కట్టలోని నివేదిక వేరే ఫైళ్లలోకి ఎక్కి ఉన్నదని చూసి, ఇక మూలం అవసరం లేదని టిక్కు పెట్టాను. స్థలం ఆదా చేశానన్న తృప్తి కూడా కలిగింది.

సంచులు కట్టిన అయిదవ రోజున ఒక లేఖ వచ్చింది. సూరత్‌లోనే డిండోలిలో ఉండే ఒక యువకుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. అతని గురించి మా రికార్డుల్లో ఏమున్నదో సాయంత్రంలోగా తెలపాలి. వెతికితే మూడు కాగితాలు దొరికాయి. అతను తన గదిలో అనుమానాస్పదులైన కొత్తవారికి ఆశ్రయమిస్తున్నాడని మూడింటిలోనూ ఉన్నది. "మూడు వేర్వేరు నివేదికలు ఈ విషయాన్ని ధ్రువీకరిస్తున్నవి" అని చక్కగా రాసి, యాకయ్య గారి బల్ల మీద ఉంచాను. ఆ ఒక్క వాక్యం చాలు, అతనికి ఆ ఉద్యోగం దక్కకుండా పోవడానికి.

ఆయన చదివి కళ్లద్దాలు తీశారు. "ఎవలు సూసిండ్రు?"

"మూడు నివేదికలు ఉన్నాయి సార్."

"కాయితాలు ఎన్నని అడుగుతలేను బిడ్డా. కండ్లు ఎన్నని అడుగుతున్న. సలాబత్‌పురా బట్టల బజార్ల ఒక్కటే తానును మూడు దుకాండ్ల సూస్తే, మూడు తాన్లైతయా?"

నేను వెనక్కి వెళ్లి ఒక్కొక్క కాగితం కింద ఉన్న సంఖ్యలు చూశాను. మూడవది రెండవదాన్ని ఆధారంగా చూపింది. రెండవది మొదటిదాన్ని చూపింది. మొదటిది ఒక పాత నివేదికను చూపింది. ఆ పాత నివేదిక సంఖ్యను గుర్తుపట్టాను. నేను టిక్కు పెట్టగా, అయిదు రోజుల క్రితం సంచిలోకెక్కిన కట్టలోది అది.

"సార్, మూలం సంచిలో ఉంది. పంపింది నేనే."

ఆయన సొరుగులోంచి తాళంచెవి తీశారు. "ఏ సంచో యాదికున్నదా?"

"లేదు సార్."

"అయితే అన్నీ ఇప్పుదాం. జర అవుతలికి జరుగు, నన్ను కూసోనియ్యి."

పదవీ విరమణకు రెండు నెలలున్న ఆ మనిషి, మోకాళ్ల నొప్పులతో, నేల మీద నా పక్కన కూర్చున్నారు. నాలుగవ సంచిలో కట్ట దొరికింది. పైన ఆ యువకుని మీద ఎవరో రాసిన, సంతకం లేని ఉత్తరం ఒకటి. దాని వెనుక గుండుసూదితో గుచ్చిన మరొక కాగితం: విచారణాధికారి రాసిన రెండు పేరాలు. ఆ గదికి వచ్చిన కొత్తవారు పని కోసం ఊరి నుండి వచ్చిన మగ్గం కార్మికులని, నీళ్ల మోటారు దగ్గర జరిగిన తగాదా వల్ల ఎవరో కోపంతో ఆ ఉత్తరం రాశారని, ఆరోపణలో నిజం లేదని అందులో ఉన్నది. నకలు తీసిన ప్రతిసారీ ముందు కాగితమే ప్రయాణించింది. వెనుక కాగితం దాని వెంట వెళ్లలేదు.

"దొరికింది సార్" అన్నాను. ఆయన గోడకు ఆనుకొని, "హమ్మయ్య" అన్నారు. ఆ గదిలో ఆయన నోట నేను ఆ మాట వినడం అదే మొదటిసారి.

సాయంత్రంలోగా విచారణ కాగితాన్ని జతచేసి కొత్త జవాబు పంపాం. తరువాత ఆయన నాకు ఒక తెల్లకాగితం ఇచ్చి, జరిగిన పొరపాటును నా పేరుతోనే ఫైలులో రాయమన్నారు. కొలువు పోతుందా అని అడిగాను.

"తప్పు రాస్తే కొలువు పోదు. దాస్తే పోవాలె" అన్నారు. నేను రాసిన దాని కింద, జాబితాను చూడకుండా ఆమోదించింది తానేనని రాసి సంతకం చేశారు. మిగిలిన మూడు కాగితాల మీదా, అసలు విచారణ ఎక్కడ ఉన్నదో ఇద్దరం కలిసి నమోదు చేశాం.

ఆ యువకుడు ఉద్యోగంలో చేరినట్లు మాకు తెలిసేసరికి యాకయ్య గారు విరమణ పొంది జనగామ వెళ్లిపోయారు. మా నియమాల ప్రకారం ఆ సంగతి ఆయనకు చెప్పే హక్కు నాకు లేదు. అడిగే హక్కు ఆయనకూ లేదు. ఒక ఆదివారం ఆయనే ఫోను చేశారు. వానల గురించి, మోకాళ్ల గురించి, మా అమ్మ ఆరోగ్యం గురించి మాట్లాడారు. పెట్టేసే ముందు కొంచెం ఆగి, "అంతా మంచిదేనా బిడ్డా?" అని అడిగారు.

ఆయన ఏమి అడుగుతున్నారో నాకు అర్థమైంది.

"అంతా మంచిదే సార్."

అవతలి నుండి ఒక దీర్ఘమైన ఊపిరి వినిపించింది. "గట్లనా. సరే మరి, పైలం" అని పెట్టేశారు.

ఆ యువకునికి మా పేర్లు తెలియవు. తన ఉద్యోగం ఒక మధ్యాహ్నం పాటు మా చేతుల్లో ఊగిసలాడిందనీ తెలియదు. అది అతనికి ఎన్నటికీ తెలియనక్కరలేదని తలచుకున్నప్పుడల్లా నా మనస్సు తేలికపడుతుంది. ఇప్పుడు ఒక మనిషి పేరున్న ఏ కాగితం మీదనైనా సంతకం చేసే ముందు నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: రేపు యాకయ్య గారు ఫోను చేసి అడిగితే, ఆ రెండు మాటలు తడబడకుండా చెప్పగలనా? చెప్పగలననిపించినప్పుడే కలం తీస్తాను.