బుచ్చిబాబు అడ్జస్ట్‌మెంటు

తాడేపల్లిగూడెంలో మా పూలకొట్టు ఎదుటి కల్యాణ మండపానికి బుచ్చిబాబు మేనేజరు. ఆయనకి ఇంగ్లీషులో వచ్చింది ఒక్కటే మాట. దాంతోనే ఇరవయ్యేళ్లు నెట్టుకొచ్చాడు.

కుర్చీ కాలు విరిగితే కింద ఇటుక పెట్టి, "అడ్జస్ట్ చేశానండి" అనేవాడు. సాంబారు చాలకపోతే వేన్నీళ్లు పోసి అడ్జస్ట్. మగపెళ్లివారికి ఇస్తానన్న ఏసీ గదిలో తన బావమరిది గుర్రు పెడుతుంటే, "ఫ్యాను గదిలో అడ్జస్ట్ అవ్వండి, గాలి మంచిది." పాసింజరు రైల్లో ముగ్గురి సీటులో నాలుగోవాడుగా ఇరుక్కునేవాడు అనే మాటే అది. కాదంటే మనమే చెడ్డవాళ్లం. మన మర్యాదే మన కొంప ముంచుతుంది.

ఆయన అసలు విద్య ఒకే రోజు ఒకే హాల్లో రెండు పెళ్లిళ్లు చేయించడం. పగలు క్రైస్తవుల పెళ్లి, సాయంత్రం హిందువుల ముహూర్తం. శిలువ పక్కకి జరిగేది, అరటి చెట్లు లోపలికి వచ్చేవి. కుర్చీలకు మతం లేదు కదా!

2006 శ్రావణంలో ఆయన కూతురు ఉషశ్రీకి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల నగలడగలేదు.

"నాన్నగారండీ, ఆ ఒక్క రోజూ హాలు మనకే ఉంచండి. ఒకళ్లు తింటుంటే ఇంకొకళ్లు వెనకాల నిలబడడం చిన్నప్పట్నించీ చూస్తున్నాను. నా పెళ్లికి వద్దండి," అంది.

"అలాగేనమ్మా" అన్నాడు. వారం తిరక్కుండా ఆ పగలు కాస్తా ఏసోబు మాస్టారి అమ్మాయి జెస్సీ పెళ్లికి ఇచ్చేశాడు. కూతురు మొహం చూసి, "మన ముహూర్తం ఆరున్నరకి కదమ్మా, కొంచెం అడ్జస్ట్ అవ్వు" అన్నాడు.

ఆ రోజు ఒకటే వాన. రోడ్డు మీద నీళ్లు నిలిచి, ఆకివీడు నుంచి పొద్దున్నే రావలసిన జెస్సీ పెళ్లికొడుకు బస్సు మధ్యాహ్నం నాలుగు దాటాక వచ్చింది. వాళ్ల ప్రమాణాలు, ప్రార్థన అయి జనం భోజనాలకు కూర్చునేసరికి ఉషశ్రీ మగపెళ్లివారు దిగారు. బుచ్చిబాబు మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"మాస్టారూ, కొంచెం అడ్జస్ట్ అవ్వాలండి."

"అయ్యో, దానికేముందండీ" అన్నాడు ఏసోబు మాస్టారు. ఆయన మొహం మాత్రం వాడిపోయింది.

చుట్టాలంతా విస్తళ్ల ముందు నుంచి లేచారు. జెస్సీ తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనక వంటపాకలోకి నడిచింది. గ్యాసు బండల పక్కన నిలబెట్టి పెళ్లి ఫోటోలు తీశారు. వాళ్ల మెళ్లో దండలు కట్టింది నేనే. నాకు ఒళ్లు మండిపోయింది.

పెళ్లికూతురి గది కిటికీలోంచి ఉషశ్రీ అదంతా చూసింది. పీటల మీదికి రమ్మంటే కదల్లేదు.

"వాళ్లు లోపలికొచ్చి, కూర్చుని భోంచేశాకే వస్తానండి."

"ముహూర్తం దాటిపోతుందే తల్లీ!"

"కొంచెం అడ్జస్ట్ చెయ్యండి నాన్నగారూ."

"ముహూర్తం ఎక్కడైనా అడ్జస్ట్ అవుతుందటే?" అన్నాడు బుచ్చిబాబు, ఏడుపు గొంతుతో. ఆ మాట తనకే తగలడం ఆయనకి అదే మొదలు.

పంతులుగారు పంచాంగం తిరగేశారు. "ఎనిమిదిన్నరకి ఇంకోటుందండి. నిజానికి దీనికంటే బలమైంది."

తడిసొచ్చిన మగపెళ్లివారు ముందు భోజనాలనగానే అడ్డు చెప్పలేదు. రెండు పెళ్లిళ్లవాళ్లూ ఒకే బంతిలో కూర్చున్నారు. కన్యాదాత గనక ఉపవాసమున్న బుచ్చిబాబు నకనకలాడే కడుపుతో పులిహోర వడ్డించాడు. ఉషశ్రీ జెస్సీని స్టేజీ ఎక్కించి మళ్లీ ఫోటోలు తీయించింది. ఆ పిల్లకి దండం పెట్టాలనిపించింది.

దాంతో ఆయనకి బుద్ధొచ్చిందనుకున్నాం. మాఘమాసం పెళ్లికి హాలు అడగడానికి వచ్చినవాళ్లతో ఆయన అంటుంటే విన్నాను.

"ముహూర్తానిదేముందండీ, అదీ అడ్జస్ట్ అవుతుంది. మా అమ్మాయి పెళ్లే సాక్ష్యం. ఆ రోజు మీది మూడో పెళ్లండి."