గదులు ఖాళీ లేవు

పట్నంలోని ఆ పెద్ద హోటల్లో రెండు వందల గదులు, నాలుగు లిఫ్టులు, నేలమాళిగలో ఒక బట్టల గది ఉండేవి. ఆ బట్టల గదిలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషి అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప మరెవరికీ తెలియదు. అందరికీ ఆమె మడతలమ్మ. ఉతికి వచ్చిన దుప్పటిని గాలిలో ఒక్కసారి విదిలించి, నాలుగు కదలికల్లో మడిచి బల్లమీద పెట్టిందంటే, అంచుకు అంచు అతికించినట్టు ఉండేది. దిండు గలేబు మీద ఆవగింజంత మరక కనిపించినా, "ఇది మనిషి తల పెట్టుకునేది, కాళ్లు తుడుచుకునేది కాదు" అని వెనక్కి పంపేసేది. పరుపు మీద దుప్పటి ఎలా పరవాలో, మూలల్ని ఏటవాలుగా మడిచి లోపలికి ఎలా తొయ్యాలో కొత్తగా చేరిన వాళ్లందరికీ నేర్పింది ఆమే. ఇంత చేసీ, హోటల్ పరుపు మీద ఒక్క పూట నడుం వాల్చి ఎరగదు.

ఆమె నేర్పిన వాళ్లలో సొంత తోడికోడలు కూడా ఉంది. మరిది పెళ్లి చేసుకుని తీసుకొచ్చిన కొత్తలో ఆ పిల్లకు తువ్వాలు మడవడం కూడా వచ్చేది కాదు. ఏదో పొట్లం కట్టినట్టు చుట్టి అవతల పెట్టేది. మడతలమ్మే పైవాళ్లతో చెప్పి ఆమెను తన పక్కన పనిలో పెట్టించింది. రెండేళ్లు తిరిగేసరికి మరిదికి కొండల్లో ఏదో పల్లెలో పాతబడ్డ బంగళా ఒకటి అద్దెకు దొరికింది. మొగుడూ పెళ్లాలిద్దరూ మూటాముల్లే సర్దుకుని వెళ్లి, దాన్ని ఏడు గదుల హోటల్ చేశారు.

"ఎన్నాళ్ల ముచ్చటలే!" అనుకుంది మడతలమ్మ. ఆ ముచ్చట తొమ్మిదేళ్లు నడిచింది.

ఒకరోజు పెద్ద హోటల్ మేనేజరు ఒక పత్రిక పట్టుకుని నేలమాళిగలోకి దిగివచ్చాడు. అలా రావడం అతనికి అలవాటు లేదు. "చూడండి మడతలమ్మా! ఎక్కడో కొండమీద ఏడంటే ఏడు గదులట. ఆ పరుపులు చూడండి, ఎంత ముద్దొస్తున్నాయో! మనవాళ్లకి ఇలా ఎందుకు చేతకాదు?"

ఫొటోలో నీలం తలుపుల ముందు నిలబడి నవ్వుతున్నది తోడికోడలు. ఆమె వెనుక పరుపు మీద దుప్పటి మూల ఏటవాలుగా, మడతలమ్మ పద్ధతిలో, లోపలికి తోసి ఉంది. కడుపులో ఎవరో నిప్పుల కుంపటి పెట్టినట్టయింది మడతలమ్మకు. ఆ మనిషి తన తోడికోడలని మేనేజరుతో చెప్పడానికి నోరు రాలేదు.

"అక్కా, బావగారూ నువ్వూ ఒక వారం వచ్చి వెళ్లండి" అని తోడికోడలు ఏడాదిగా ఫోన్లో పోరుతూనే ఉంది. ప్రతిసారీ మోకాళ్ల నొప్పులనో, సెలవు లేదనో తప్పించుకుంటూ వచ్చిన మడతలమ్మ, ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తతో, "వెళ్దాం పదండి. ఆ వైభోగమేమిటో కళ్లారా చూసొద్దాం" అంది. బస్సు డ్రైవరుగా చేసే భర్తకు ఆ గొంతులో ఏమీ వినిపించలేదు. సంబరపడుతూ అటకమీది పెట్టె దించాడు.

* * *

బస్సు దిగి రాతిమెట్లు ఎక్కుతుంటేనే మడతలమ్మ ప్రాణం ఉసూరుమంది. అలిసిపోయి కాదు. అంత అందంగా ఉంటుందని అనుకోలేదు. వాలు మీద నలభై ఇళ్లు, వాటి మధ్య పెంకుల కప్పుతో తెల్లటి బంగళా, గోడవారన గులాబీలు. దిగువన లోయలో ఏరు సన్నగా మెరుస్తోంది. వంటగదిలోంచి వేడి రొట్టె వాసన వస్తోంది. "వదినా!" అంటూ మరిది పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. తోడికోడలు ఆమె చేతిలోని సంచి లాక్కుని, "ఎన్నాళ్లకక్కా!" అని కావలించుకుంది. కాస్త ఒళ్లు చేసింది. అది కూడా ఆమెకు నప్పింది.

ఇచ్చిన గది చిన్నదే. చెక్క నేల, కిటికీ పక్కన చదువుకునే కుర్చీ, మేజాబల్ల మీద గ్లాసు బోర్లించిన నీళ్ల జగ్గు, మంచం మీద ఉన్ని దుప్పటి. తలుపు మూసీ మూయగానే మడతలమ్మ పనిలో పడింది. కుర్చీ ఎక్కి తలుపు చట్రం పైన వేలితో రాసి చూసింది. మంచం కిందికి వంగి చూసింది. దిండు గలేబు వాసన చూసింది. ఎండలో ఆరిన బట్ట వాసన. ఎక్కడా దుమ్ము లేదు. కాస్త దుమ్ము దొరికి ఉంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో!

"ఏం వెతుకుతున్నావే?" అన్నాడు భర్త, అప్పటికే మంచం మీద వాలి కాళ్లు బారజాపి.

"ఏం లేదు."

"ఇది పరుపు కాదోయ్, మబ్బు. మా మరదలు గట్టిది సుమా! ఒక్క పేరు పెట్టడానికి లేదు."

"మీరు పేరు పెట్టకపోయినా ఫరవాలేదు, నోరు కట్టిపెట్టండి చాలు" అంది మడతలమ్మ.

మర్నాడు పొద్దున ఫలహారాల దగ్గర, నెలకోసారి వచ్చి వెళ్లే పంతులమ్మ ఒకావిడ తోడికోడలిని ఆపి అడిగింది. "ఆ దుప్పటి మూలలు అలా ఎలా మడుస్తావమ్మా? మా ఇంట్లో ఎంత ప్రయత్నించినా రావడం లేదు."

మడతలమ్మ టీ కప్పు పెదాల దాకా తెచ్చి ఆపింది. పక్క బల్ల దగ్గరే కూర్చున్న తనవైపు తోడికోడలు తిరుగుతుందని, 'మా అక్క నేర్పిందండీ' అంటుందని చెవులు రిక్కించింది.

"అదాండీ? అలవాటైపోయింది. చేతికి దానంతటదే వచ్చేస్తుంది" అని నవ్వి తోడికోడలు రొట్టెల పళ్లెంతో ముందుకెళ్లిపోయింది.

ఆ పూటంతా మడతలమ్మ పైకి నవ్వు పులుముకుని తిరిగింది. ఎవరు ఏ గదిని మెచ్చుకున్నా ఒంటికి కారం రాసినట్టుండేది. భర్త మాత్రం రెండు రోజుల్లోనే ఆ ఇంటి మనిషైపోయాడు. మరిది వ్యాను ఇంజను విప్పి బాగుచేశాడు.

మూడో రోజు సామాన్లకని ముగ్గురూ ఆ వ్యాన్లోనే కింది ఊరికి బయల్దేరారు. వెళ్తూ తోడికోడలు, "రెండు, నాలుగు, ఆరు ఖాళీగా ఉన్నాయక్కా. ఎవరైనా వస్తే ఏదో ఒక తాళం ఇచ్చేయ్. మేం సాయంత్రానికల్లా వచ్చేస్తాం" అంది.

ఇల్లు నిశ్శబ్దమైంది. మడతలమ్మ ముందు హాల్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, తోడికోడలి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా తెరిచిన తలుపు, దాని నిండా లోయ. వెనక గోడకు తాళాల పలక. ఆ కుర్చీ తన కొలతలు తీసుకుని చేసినట్టు ఉంది. ఇరవై ఆరేళ్లుగా తాను కిటికీ లేని గదిలో నిలబడి పనిచేస్తోందన్న సంగతి ఇంతకుముందు ఎప్పుడూ ఇంతగా తట్టలేదు.

అప్పుడు వచ్చారు వాళ్లిద్దరూ. వీపున సంచులతో ఒక ముసలాయన, ఆయన కూతురు. ముసలాయన గుమ్మంలోనే ఆగి, టోపీ తీసి, చుట్టూ చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. కూతురు గబగబా లోపలికొచ్చింది.

"మీరేనాండీ ఇది నడిపే ఆవిడ? పత్రికలో ఈ హోటల్ గురించి చదివాం. మీ చేతి పరుపు మీద పడుకోవాలని మా నాన్న పొద్దుటినుంచీ నడుస్తూనే ఉన్నారు. ఒక్క గది ఉంటే చాలండీ."

*మీ చేతి పరుపు.* ఆ మాట సరాసరి వెళ్లి మూడు రోజులుగా మండుతున్న చోట తగిలింది.

"గదులు ఖాళీ లేవు" అంది మడతలమ్మ.

తానే అన్నదని నమ్మడానికి ఆమెకు క్షణం పట్టింది. పలక మీద మూడు తాళాలు వేలాడుతున్నాయి. ఆమె లేచి వాటికి వీపు అడ్డం పెట్టి నిలబడింది.

"అయ్యో! చిన్న గదైనా ఫరవాలేదు."

"ఏదీ లేదమ్మా. కింది ఊళ్లో దొరుకుతాయి."

ముసలాయన మళ్లీ టోపీ పెట్టుకుని, "మన అదృష్టం ఇంతే, పద తల్లీ" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. వాళ్లు మెట్లు దిగుతుంటే తుంపర మొదలైంది. మడతలమ్మ గుమ్మం దాకా వచ్చింది. పిలవాలనుకుంది. మలుపు తిరిగేదాకా అనుకుంటూనే ఉంది. తర్వాత లోపలికి వచ్చి, ఎవరూ అడగకుండానే, మూడు ఖాళీ గదుల్లోనూ నేల తుడిచింది.

* * *

ఇంకా వెలుతురుండగానే వ్యాను తిరిగొచ్చింది. ముందు భర్త దిగాడు. తర్వాత మరిదీ ఆయనా కలిసి ముసలాయనను చెరోవైపు పట్టుకుని దించారు. తడిసి ముద్దయ్యాడు. ఎడమ చీలమండ వాచిపోయి ఉంది. కూతురి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"దారిలో రాయి జారి పడ్డారట అక్కా, మేం చూశాం కాబట్టి సరిపోయింది" అంటూ తోడికోడలు పొడి తువ్వాళ్లు తెచ్చింది. "పాపం, మన దగ్గరికే వద్దామనుకున్నారట. నిండిపోయిందని ఎవరో చెప్పారట. కింద టీ కొట్టువాడే అయ్యుంటాడు, వాడికి మనమంటే గిట్టదు."

కూతురు తలెత్తి మడతలమ్మ వంక చూసింది. ముసలాయన కూడా చూశాడు. చూసి, కూతురి చెయ్యి మెల్లగా నొక్కాడు. ఆ పిల్ల చూపు తిప్పుకుని తండ్రి తల తుడవసాగింది.

అలా ఊరుకుంటే ఆ నింద టీ కొట్టువాడి మీదే ఉండిపోయేది. మడతలమ్మకు అది తెలుసు.

"టీ కొట్టువాడు కాదు. నేనే చెప్పాను. మూడు గదులున్నాయని తెలిసే చెప్పాను."

తోడికోడలు చేతిలో తువ్వాలు కుర్చీ మీద పెట్టి, ముసలాయన్ని రెండో నంబరు గదికి తీసుకెళ్లమని మరిదికి చెప్పి, అక్క మోచెయ్యి పట్టుకుని దుప్పట్లు సర్దే చిన్న గదిలోకి నడిపించి తలుపు వేసింది.

"ఎందుకక్కా?"

"ఓర్వలేక." మడతలమ్మ అరలోని దుప్పటి అంచు సవరించింది. "ఆ మడత నాది. ఆ పంతులమ్మ అడిగితే నా పేరు ఎత్తలేదు నువ్వు. పక్కనే ఉన్నాను. ఆ నీలం తలుపులు, ఆ కుర్చీ... ఏది చూసినా కడుపు మండిపోయింది. అంతే."

తోడికోడలు ఓదారుస్తుందనుకుంది. ఆమె ఓదార్చలేదు.

"నీ పేరు చెప్పలేదు, నిజమే. కావాలనే చెప్పలేదు. నీ పక్కన రెండేళ్లు పనిచేశాను. నేను మడిచిన ప్రతి తువ్వాలూ అందరి ముందూ విప్పి మళ్లీ మడిచేదానివి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఉంచలేదు. ఇక్కడికొచ్చాక నేను మడిచింది మడిచినట్టు ఉండిపోయింది. నీ పేరు చెప్తే నువ్వొచ్చి అదీ విప్పుతావని నాకు భయం." ఆమె ముక్కు ఎగబీల్చింది. "అయినా నా మీద కోపముంటే నా మీద చూపించాలి. ఆ పెద్దాయన ఏం చేశాడు?"

ఆ తువ్వాళ్ల సంగతి మడతలమ్మకు గుర్తే లేదు.

* * *

డాక్టరు వచ్చి ఎముక విరగలేదన్నాడు, కానీ వారం రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. కూతురు ఉద్యోగానికి వెళ్లక తప్పదు. మడతలమ్మ సెలవు పొడిగించుకుని, భర్తను బస్సెక్కించి, ముసలాయనకు సేవ చేయడానికి ఉండిపోయింది. తోడికోడలు ఆమెతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. పెట్టాల్సింది పెట్టింది, నవ్వు మాత్రం దాచుకుంది. అది మడతలమ్మకు తిట్లకంటే ఎక్కువ గుచ్చుకుంది.

ముసలాయన గడియారాలు బాగుచేసేవాడట. మూడో రోజు కాలికి కట్టు మారుస్తుంటే, మడతలమ్మ తలెత్తకుండానే క్షమాపణ అడిగింది.

"నా ఎదురు కొట్టువాడికి గోడమీద పెద్ద గడియారం ఉండేదమ్మా" అన్నాడాయన. "ఊరంతా దాన్ని చూసే టైము దిద్దుకునేవారు. నాదెవరూ చూసేవారు కాదు. ఒకనాడు వాడు భోజనానికి వెళ్లినప్పుడు నిచ్చెన వేసుకుని పది నిమిషాలు వెనక్కి తిప్పేశాను. ఆ సాయంత్రం సగం ఊరికి రైలు తప్పిపోయింది."

"మీరేనని తెలిసిందా?"

"ఎక్కడ? నేను చెప్పందే! ముప్ఫై ఏళ్లయింది. నువ్వు ఆ రోజే చెప్పేశావు." ఆయన దిండు మీద వెనక్కి వాలాడు. "పరుపు మాత్రం పత్రికలో రాసినట్టే ఉంది."

ఆ మాటకు మళ్లీ చురుక్కుమంది. మడతలమ్మకు తన మీద తనకే నవ్వొచ్చింది.

ఐదో రోజు పన్నెండుమంది ఒకేసారి వచ్చిపడ్డారు. ఇక తప్పక తోడికోడలు పిలిచింది. ఇద్దరూ మంచానికి చెరోపక్క నిలబడి గది తర్వాత గది సర్దుకుంటూ వెళ్లారు. నాలుగో గదిలో తోడికోడలి వైపు మూల కాస్త వంకరపోయింది. మడతలమ్మ చెయ్యి దానంతటదే సాగింది. సగంలో ఆపి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడసాగింది.

తోడికోడలు చూసింది. ఆ సాయంత్రం రెండు కప్పుల టీ తెచ్చి పక్కన కూర్చుంది.

ముసలాయన కర్రసాయంతో నడవసాగాక మడతలమ్మ ప్రయాణం కట్టింది. "ఉద్యోగం మానేసి వచ్చెయ్యక్కా, దుప్పట్లన్నీ నీ చేతికిచ్చేస్తాను" అంది తోడికోడలు మెట్ల దగ్గర.

"వద్దే. నీ కింద పనిచేస్తే నేను కుళ్లి చస్తాను, నీ పక్కన చేస్తే నిన్ను చంపుతాను. చుట్టంగా వస్తాను, అదే మేలు."

అన్నట్టే ఏడాదికి రెండుసార్లు వెళ్తోంది. పదవీ విరమణ చేశాక వెళ్లినప్పుడల్లా నెలేసి రోజులు ఉంటోంది. అసూయ పోయిందా అంటే, పోలేదు. కొత్తగా వచ్చినవాళ్లు గదులు మెచ్చుకుంటే ఇప్పటికీ కడుపులో మంటే. అలాంటప్పుడు ఆమె బూట్లు వేసుకుని, కొండమీద చిట్టచివరి ఇంటి దాకా విసవిసా నడిచి వస్తుంది. ఆమె గుమ్మం దగ్గర వంగి తాళ్లు కట్టుకుంటుంటే తోడికోడలు వంటగదిలోంచే కేకేస్తుంది.

"ఎవరైనా మెచ్చుకున్నారా అక్కా?"

"ఆఁ. ఇద్దరు."

"అయితే టీ కాగేసరికి వచ్చెయ్."

"ఇద్దరూ గట్టిగానే మెచ్చుకున్నారు" అంటుంది మడతలమ్మ. "ఇంకాస్త ఆగి పెట్టు."